నాయనమ్మ గొంతులో ఊరి చరిత్ర

పరీక్షల కోసం చదివే చరిత్రకు ఒక గుణం ఉంది. పిల్లలు పరీక్ష హాల్లోంచి బయటికి రాగానే, అదీ వాళ్ల బుర్రలోంచి బయటికి వెళ్లిపోతుంది. ఏ రాజు ఏ సంవత్సరంలో గద్దెనెక్కాడో, ఏ యుద్ధం ఎందుకు జరిగిందో బట్టీ పట్టడం, జవాబుపత్రం మీద దింపేయడం, మర్చిపోవడం... తరతరాలుగా ఇదే వరస. అందుకే కొందరు సోషల్ మాస్టార్లు ఈమధ్య కొత్త దారి పట్టారు. 'చార్టులు వద్దు, నెట్‌లో చూసి రాసే వ్యాసాలు అసలే వద్దు. మీ ఊరి చరిత్ర మీద పది నిమిషాల పాడ్‌కాస్ట్ చేసుకురండి' అంటున్నారు.

పాడ్‌కాస్ట్ అన్న పేరు కొత్తదే. 2004లో బెన్ హామర్స్‌లీ అనే బ్రిటిష్ పాత్రికేయుడు గార్డియన్ పత్రికలో రాస్తూ, ఆ రోజుల్లో అందరి చేతుల్లో ఉండే ఐపాడ్‌నూ ప్రసారం అనే అర్థమున్న బ్రాడ్‌కాస్ట్‌నూ కలిపి ఆ మాట వాడాడు. 2022లో ఐపాడ్ తయారీ ఆగిపోయింది, మాట మాత్రం మిగిలింది. పేరు సంగతి పక్కన పెడితే పని మనకేం కొత్తది కాదు. ఒకరు చెబుతుంటే నలుగురు చెవులప్పగించి వినడం... బుర్రకథ చేసిందీ, ఒగ్గుకథ చేసిందీ అదే. రాత్రి మంచం మీద నాయనమ్మ చేసిందీ అదే. కాకపోతే అప్పుడు విన్నవాళ్లకే దక్కేది. ఇప్పుడు రికార్డు చేస్తే ముందుతరాలకూ దక్కుతుంది.

సూర్యాపేటలో తొమ్మిదో తరగతి చదివే ఓ అమ్మాయికి అలాంటి ప్రాజెక్టే ఇచ్చారనుకుందాం. ఆ పిల్ల చేతిలో ఉన్నవి నాన్న ఫోను, ఓ నోటుపుస్తకం, మూడు వారాల గడువు. ఆ మూడు వారాల్లో ఆమెకు ఎదురయ్యేవేమిటి? నేర్చుకునేదేమిటి? ఒక్కో మెట్టూ చూస్తే, ఇది మార్కులతో ముగిసే వ్యవహారం కాదని తెలుస్తుంది.

పుస్తకంలో లేని ఊరు

మొదట ఎవరైనా చేసే పనే ఆమె కూడా చేస్తుంది. పాఠ్యపుస్తకం తీస్తుంది. తెలంగాణ సాయుధ పోరాటం గురించి అందులో ఉంటుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాలకు బలికావడం, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటనూ భూమినీ విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కనివ్వకుండా నిలబడటం, 1948 సెప్టెంబరు 17న హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవడం, 1951 అక్టోబరులో పోరాట విరమణ. అయిదేళ్ల చరిత్ర నాలుగు పేరాల్లో అయిపోతుంది. కానీ అందులో సూర్యాపేట బస్టాండు ఉండదు. ఆమె రోజూ సైకిల్ మీద వెళ్లే వీధి ఉండదు.

కొంచెం వెతికితే చాలు, ఆ నాలుగు పేరాలు తన ఇంటి గడప దగ్గరే జరిగాయని తెలుస్తుంది. పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో, అంటే సరిగ్గా తన ఈడులో, ఉద్యమంలోకి దూకి ఆ తర్వాత తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం పుట్టింది ఇక్కడి కరివిరాల కొత్తగూడెంలోనే. 1978లోనూ 1983లోనూ ఆమెను శాసనసభకు పంపింది పక్కనున్న తుంగతుర్తి నియోజకవర్గం. ఆమె అన్న భీమిరెడ్డి నర్సింహారెడ్డి దళనాయకుడు. తర్వాతి కాలంలో మిర్యాలగూడ నుంచి లోక్‌సభకు వెళ్లాడు. సూర్యాపేటలో విద్యార్థుల వసతిగృహం నడిపి, ఆ పిల్లల్లోంచే ఉద్యమ కార్యకర్తలను తయారుచేసిన బొమ్మగాని ధర్మభిక్షం ఈ పట్టణం మనిషే. 1952 తొలి సాధారణ ఎన్నికల్లో నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి జవహర్‌లాల్ నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచాడని పెద్దవాళ్లు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఆ ఓట్లు వేసింది ఎవరు? ఈ చుట్టుపక్కల ఊళ్ల ముత్తాతలూ ముత్తవ్వలే.

'మరి మా ఇంట్లో ఎవరు చూశారు ఇదంతా?' అన్న ప్రశ్న పుట్టేది అక్కడే. నిజానికి ప్రాజెక్టు మొదలయ్యేది కూడా అక్కడే.

'గవన్నీ ఇప్పుడెందుకు బిడ్డా!'

ఇంట్లో పెద్దావిడ ముందు ఫోను పెట్టి, 'నాయనమ్మా, నీకు తెలిసిన చరిత్ర చెప్పు' అంటే ఏమవుతుంది? ఏమీ కాదు. 'నాకేం ఎరుక బిడ్డా, మీ తాత ఉంటే చెబుతుండె' అంటుంది. పక్కనే కూర్చున్న బాబాయి గొంతు సవరించుకుని ఆమె బదులు తను చెప్పడం మొదలుపెడతాడు. పది నిమిషాల్లో రికార్డింగు నిండుతుంది. అందులో నాయనమ్మ గొంతు మాత్రం ఉండదు.

ఈ ఇబ్బంది తొమ్మిదో తరగతి పిల్లకే వచ్చింది కాదు. హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు ఇదే దారిలో నడిచారు. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల కోసం టేపురికార్డర్లు పట్టుకుని ఊరూరా తిరిగారు. మల్లు స్వరాజ్యంతో, చాకలి ఐలమ్మతో, ఏ పుస్తకంలోనూ పేరు లేని ఎందరో సామాన్య స్త్రీలతో గంటలకొద్దీ మాట్లాడారు. ఆ మాటలను వాళ్ల యాస చెడకుండా కాగితం మీద పెట్టి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పేరుతో పుస్తకం తెచ్చారు. మూడేళ్ల తర్వాత అది ఇంగ్లిషులోనూ వచ్చి దేశదేశాల విశ్వవిద్యాలయాల్లో పాఠమైంది.

ఆ పుస్తకంలో ఏముంది? తుపాకులూ దళాలూ ఉన్నాయి. వాటితోపాటు మగవాళ్ల పుస్తకాల్లోకి ఎక్కని సంగతులు చాలా ఉన్నాయి. అడవిలో దళంతో తిరుగుతూ పసిబిడ్డను పరాయి చేతుల్లో పెట్టి వెళ్లిపోవాల్సివచ్చిన తల్లి దుఃఖం ఉంది. పోరాటం ఆగిపోయాక 'ఇక ఇంటికెళ్లి సంసారం చేసుకోండి' అంటే, తిరిగి వెళ్లడానికి ఇల్లే లేని ఆడవాళ్ల అయోమయం ఉంది. అన్నాళ్లూ వాళ్లను ఎవరూ అడగలేదు, అందుకే వాళ్లు చెప్పలేదు. ఐలమ్మ 1985 సెప్టెంబరులో కన్నుమూసింది. అంటే పుస్తకం రావడానికి ఏడాది ముందే. టేపురికార్డరు పట్టుకుని ఆ అమ్మాయిలు ఇంకొంచెం ఆలస్యంగా వెళ్లి ఉంటే, ఆమె మాట మనకు ఆమె గొంతులో దక్కేదే కాదు.

మల్లు స్వరాజ్యం జీవితకథ 'నా మాటే తుపాకీ తూటా' కూడా ఆమె చెబుతుంటే ఇతరులు రాసుకున్నదే. ఆమె 2022 మార్చి 19న మరణించింది. మాట్లాడించి రాసుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ మాట మిగిలింది.

మరి పెద్దవాళ్లను మాట్లాడించడం ఎలా? 'చరిత్ర చెప్పు' అనకూడదు. 'నువ్వు కాపురానికి వచ్చినప్పుడు ఈ ఇల్లు ఎట్లుండె? పొయ్యి మీద ఏం వండేదానివి? బియ్యమా, జొన్నలా? దొర గడి ముందు నుంచి చెప్పులేసుకుని నడవనిచ్చేవాళ్లా?' అని అడగాలి. బియ్యం గురించి అడిగితే భూమి గురించి వస్తుంది. చెప్పుల గురించి అడిగితే 'బాంచెన్ దొరా, నీ కాల్మొక్త' అన్న కాలం మొత్తం కదులుతుంది. వెట్టి అంటే పాఠ్యపుస్తకంలో ఒక నిర్వచనం. నాయనమ్మ చెబితే... తన ఇంట్లో బాలింతను పడుకోబెట్టి, దొరగారింటి పనికి పరుగెత్తిన ఓ మనిషి.

ఇంకో సంగతి. ఆమె మాట్లాడుతుంటే మధ్యలో ఆగుతుంది. ఎటో చూస్తుంది. అప్పుడు పిల్లలు గాభరాపడి తర్వాతి ప్రశ్న వేసేస్తారు. వేయకూడదు. ఆ నిశ్శబ్దం తర్వాత వచ్చే మాటే చాలాసార్లు అసలు మాట.

తేదీలు కాదు, గుర్తులు

'అది ఏ సంవత్సరం నాయనమ్మా?' అంటే జవాబు రాదు. 'రజాకార్ల గడబిడ అప్పుడు', 'సంఘపోళ్లు తిరిగే రోజుల్ల', 'మీ పెద్దనాయన కడుపుల పడ్డప్పుడు', 'సాగర్ నీళ్లు రాకముందు'... ఇవీ ఆ తరం క్యాలెండర్లు. ఆ గుర్తులను తేదీలుగా మార్చుకోవడం పాడ్‌కాస్ట్ చేసే పిల్లల పని. ఇంట్లో పాత భూమి కాగితాలు ఉంటే అవి ఉర్దూలో ఉంటాయి, వాటి మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. నిజాం పాలనలో లెక్కలన్నీ ఫసలీలోనే. దానికి సుమారు 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. ఫసలీ 1357 అంటే 1947-48 అన్నమాట. ట్రంకుపెట్టె అడుగున పడివున్న ఓ కాగితం అలా ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 'విమానాలు వచ్చినయి బిడ్డా, బాంబులేసినయి, వంతెన పేలిపోయింది' అని ఓ పెద్దాయన చెప్పాడనుకుందాం. సూర్యాపేటలో బాంబులా? సినిమా చూసి చెబుతున్నాడేమో అనిపిస్తుంది. కానీ పోలీసు చర్య గురించిన పుస్తకాలు తిరగేస్తే ఏముంది? 1948 సెప్టెంబరు 13న విజయవాడ వైపు నుంచి బయల్దేరిన భారత సేన ఉదయం ఎనిమిదిన్నరకల్లా కోదాడ చేరింది. మధ్యాహ్నానికి మునగాల చేరింది. మర్నాడు సూర్యాపేట దగ్గర విమానదాడులు జరిగాయి. వెనక్కి తగ్గుతున్న నిజాం బలగాలు మూసీ మీద వంతెనను పేల్చేశాయి. భారత సైన్యం దాన్ని త్వరగానే బాగుచేసుకుని ముందుకు సాగింది. పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం.

అన్నిసార్లూ అలా కలిసిరాదు. 'పోలీసులొచ్చి మా ఇంట్ల వడ్లన్నీ పారబోసిర్రు, మా అన్నను కట్టేసి కొట్టిర్రు' అని ఒకావిడ అంటుంది. ఏ పోలీసులు? 1948 సెప్టెంబరుకు ముందు వచ్చిన నిజాం పోలీసులా, వాళ్ల వెంట వచ్చిన రజాకార్లా? లేక ఆ తర్వాత కమ్యూనిస్టు దళాల కోసం ఊళ్లమీద పడ్డ కొత్త సర్కారు మిలటరీనా? డెబ్భై అయిదేళ్ల తర్వాత ఆమె జ్ఞాపకంలో అందరూ ఖాకీ బట్టల వాళ్లే. ఇక్కడ పిల్లలు తమకు నచ్చిన జవాబు ఆమె నోట పలికించకూడదు. 'అప్పుడు ఊళ్లో ఇంకా హాలీ సిక్కా నడుస్తోందా? మీ అన్న మళ్లీ ఇంటికి ఎప్పుడొచ్చాడు?' అని చుట్టూ తిరిగి అడగాలి. అయినా తేలకపోతే, తేలలేదనే పాడ్‌కాస్ట్‌లో చెప్పాలి. ఆ ఒక్క వాక్యంతో వినేవాళ్లకు మిగతా తొమ్మిది నిమిషాల మీద నమ్మకం పెరుగుతుంది.

సరిహద్దు మీద కోదాడ

అదే ప్రాజెక్టు కోదాడ పిల్లలు చేస్తే కథ మారిపోతుంది. ఆ ఊరు కదలకుండా ఉన్నచోటే ఉన్నా, దాని పక్కనున్న సరిహద్దు మాత్రం వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. నిజాం రోజుల్లో కోదాడ దాటితే బ్రిటిష్ ఇండియా. ఇటు హాలీ సిక్కా, అటు ఇంగ్లిషు రూపాయి. మధ్యలో సుంకం వసూలు చేసే కరోడ్‌గిరీ నాకా. రజాకార్ల బాధ పడలేక ఈ వైపు జనం పిల్లాపాపలతో సరిహద్దు దాటి జగ్గయ్యపేట వైపు వెళ్లి తలదాచుకున్నారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడటంతో ఆ గీత చెరిగిపోయింది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం వచ్చాక మళ్లీ గీత పడింది. తొంభై ఏళ్ల మనిషి ఒకే ఇంటి అరుగు మీద కూర్చుని ఇదంతా చూసి ఉండొచ్చు. ఆ అరుగు మీద ఓ గంట కూర్చుంటే పాడ్‌కాస్ట్‌కు కావలసినంత సరుకు.

కోదాడకూ సూర్యాపేటకూ మధ్యనున్న మునగాల పరగణాది మరో విచిత్రం. చుట్టూ నిజాం రాజ్యమే అయినా అది మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాకు చెందిన జమీందారీ. ఆ జమీందారు నాయని వెంకట రంగారావు దగ్గర దివానుగా పనిచేసినవాడు కొమర్రాజు లక్ష్మణరావు. తెలుగువాళ్ల చరిత్రను తెలుగులో, మామూలు చదువరికి అర్థమయ్యే భాషలో రాయాలని తపించిన మనిషి. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టడం వెనక ఆ ఇద్దరి చేయీ ఉంది. చరిత్రను పండితుల అల్మరాల్లోంచి జనం చేతుల్లోకి తేవాలన్న ఆలోచన వందేళ్ల కిందటే ఈ మట్టిలో మొలిచిందన్నమాట. కోదాడ పిల్లలు తమ ఫోన్లో చేస్తున్నదీ అదే పని.

మునగాల రాజావారి కోట ఉన్న నడిగూడెంలో పిల్లలకు ఇంకో పాఠం దొరుకుతుంది. 'జాతీయ జెండా పుట్టింది మా ఊళ్లోనే' అని అక్కడివాళ్లు చెబుతారు. పింగళి వెంకయ్య ఆ రాజావారి ఆదరణలో ఇక్కడ ఉండి పత్తి సాగుపై ప్రయోగాలు చేశాడు. 'పత్తి వెంకయ్య' అన్న పేరు అలా వచ్చిందే. అంతవరకు సరే. 1921లో విజయవాడ కాంగ్రెస్ సమావేశాల్లో ఆయన గాంధీజీకి జెండా నమూనా అందించిన సంగతీ అందరికీ తెలిసిందే. కానీ ఆ నమూనా నడిగూడెం కోటలోనే రూపుదిద్దుకుందా? దానికి ఊరివాళ్ల మాట ఉంది. మరి రాతపూర్వక ఆధారం? పిల్లలు అక్కడ ఆగి వెతకాలి. 'ఊరివాళ్లు ఇలా చెప్పుకుంటారు' అనడం వేరు, 'ఇలా జరిగింది' అనడం వేరు. ఈ రెండు వాక్యాల తేడా తెలిసిన పిల్లలు రేపు వాట్సాప్‌లో వచ్చే ప్రతి 'చరిత్ర'నూ నమ్మేయరు. ఈ ప్రాజెక్టు వల్ల ఒనగూరే లాభాల్లో ఇది చిన్నదేమీ కాదు.

నీళ్లు వచ్చిన ఏడు

మిర్యాలగూడ పిల్లలకు తుపాకుల కథే కావాలని లేదు. అక్కడి పెద్ద కథ నీళ్లది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ పేరు పెట్టారు. ఆ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల ముఖచిత్రాన్నే మార్చేసింది. జొన్న చేలు వరి మడులయ్యాయి. వరి వెంట మిల్లులు వచ్చాయి. ఆసియాలోనే పెద్ద బియ్యపు మిల్లుల కేంద్రాల్లో తమ ఊరొకటని మిర్యాలగూడవాళ్లు చెప్పుకునేదాకా వెళ్లింది.

ఈ కథను ఎవరిని అడగాలి? మిల్లు యజమానిని అడగొచ్చు. ఆయన టన్నుల లెక్క చెబుతాడు. కానీ వడ్లు ఆరబోసిన ఆడవాళ్లను అడిగితే? బస్తాలు మోసి నడుం వంగిపోయిన హమాలీని అడిగితే? ఇవాళ మిల్లుల్లో బస్తాలెత్తే బీహారీ కుర్రాడిని అడిగితే? కాలువ తొలిసారి పారిన రోజున నీళ్లకు పసుపు కుంకుమలు వేసి దండం పెట్టిన ముసలమ్మ ఎక్కడైనా మిగిలి ఉందేమో! కాలువ చివరన ఉండి నీళ్లందక ఎదురుచూసిన రైతుకూ చెప్పడానికి చాలా ఉంటుంది. ఆ పక్కనే వాడపల్లిలో కృష్ణా మూసీ కలిసే సంగమం, పాత గుళ్లు, శాసనాలు ఉన్నాయి. నదిని నమ్ముకుని ఊళ్లెలా బతికాయో చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

ఇంకా పాతకాలానికి వెళ్లాలనుకునే పిల్లలకూ లోటు లేదు. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో కాకతీయ సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లున్నాయి. ఫణిగిరి కొండ మీద బౌద్ధ ఆరామం బయటపడింది. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకూ వెళ్లాయి. 2024లో అదే కొండ మీద ఓ కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. అయితే రాళ్లూ నాణేలూ ఎక్కడికీ పోవు. వచ్చే ఏడాదైనా ఉంటాయి. మనుషులే ఉండరు. అందుకే మొదటి ఎపిసోడ్ మాత్రం మనుషులతో చేయడమే మంచిది.

రెండో వైపు

ఈ పనిలో ఓ కష్టమైన మలుపు ఉంది. కథలో దొర ఉంటాడు. ఆ దొర మునిమనవడు అదే తరగతిలో, పక్క బెంచీలో కూర్చుంటాడు. కథలో రజాకార్లు ఉంటారు. రజాకార్లంటే మతం పేరు మాత్రమే గుర్తుకొచ్చే పిల్లలూ ఉంటారు. అదే తరగతిలో ముస్లిం అమ్మాయీ ఉంటుంది.

ఇక్కడ పాడ్‌కాస్ట్ చేసేవాళ్లు రెండు నిజాలనూ పట్టుకోవాలి. రజాకార్లు ఊళ్లు తగలబెట్టారు, మనుషులను చంపారు. అది నిజం. అలాగే నిజాం మీద పోరాడిన ముస్లింలూ ఉన్నారు. 'ఇమ్రోజ్' పత్రిక నడిపిన షోయబుల్లాఖాన్ రజాకార్లను తప్పుపడుతూ రాసినందుకే 1948 ఆగస్టులో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. పోలీసు చర్య తర్వాత సంస్థానమంతటా ఏ పాపం ఎరగని ముస్లింలు వేల సంఖ్యలో హతులయ్యారు. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం ఆ మృతులు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఎక్కువ ఘోరాలు మరాఠీ, కన్నడ జిల్లాల్లో జరిగాయి. ఆ నివేదిక దశాబ్దాలపాటు జనం కంట పడలేదు. అలాంటప్పుడు కథ ఒక ఇంటి నుంచే చెబితే సగమే చెప్పినట్టు. పక్కవీధిలోని నానీమానూ అడగాలి. ఆ ఏడాది సెప్టెంబరులో వాళ్లింట్లో ఏం జరిగిందో, ఎవరు దాచారో, ఎవరు ముఖం చాటేశారో. చాలా ఊళ్లలో ఇరుగుపొరుగు ఒకరినొకరు కాపాడుకున్న సంగతులు ఉంటాయి. పుస్తకాల్లో వాటికి చోటు దొరకదు. పది నిమిషాల పాడ్‌కాస్ట్‌లో దొరుకుతుంది.

ఇక పేర్ల సంగతి. నాయనమ్మ కోపంలో ఫలానావాళ్ల తాత ఇలా చేశాడని అనేస్తుంది. ఆమె ఇంట్లో మనవరాలికి చెప్పుకున్న మాట అది. దాన్ని ఊరంతటికీ వినిపించవచ్చా? ముందే అడగాలి. రికార్డు చేస్తున్నామని చెప్పాలి. పూర్తయ్యాక ఆమెకే మొదట వినిపించాలి. 'ఇది తీసెయ్ బిడ్డా' అంటే, అది ఎంత గొప్ప ముక్క అయినా తీసేయాలి. కథ ఆమెది. ఫోను మాత్రమే మనవరాలిది.

పది నిమిషాలకు పది గంటలు

పని ఎలా సాగుతుందన్నదీ తెలుసుకోవాలి. పెద్ద మైకులు, స్టూడియోలు అక్కర్లేదు. మామూలు ఫోను చాలు. ఫ్యాను ఆపాలి, టీవీ కట్టేయాలి, కుక్కర్ విజిల్ వేసే వేళ వద్దు. ఫోనును ఆమె నోటికి మూరెడు దూరంలో, మెత్తటి గుడ్డ మీద పెడితే చప్పుళ్లు తగ్గుతాయి. ఫోన్‌ను విమానం గుర్తు మీద పెట్టుకోకపోతే సరిగ్గా అసలు మాట దగ్గరే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. మొదట ఆమె పేరు, ఊరు, ఆ రోజు తేదీ ఆమె గొంతుతోనే చెప్పించాలి. పెద్దవాళ్లు ముప్పావుగంటకు అలసిపోతారు. ఒకేసారి పిండేయకుండా రెండు మూడు రోజులు కూర్చోవాలి. రెండో రోజున మొదటి రోజు చెప్పని మాటలు వస్తాయి.

తర్వాత అసలు కష్టం. విన్నదంతా కాగితం మీద దించాలి. గంట మాటలు రాయడానికి అయిదారు గంటలు పడుతుంది. 'ఉండె', 'పోయిర్రు' అన్న మాటలను 'ఉండేది', 'వెళ్లారు' అని దిద్దకూడదు. యాసను దిద్దితే మనిషే మారిపోతుంది. ఆ కాగితం మీద ముఖ్యమైన ముక్కలకు గీతలు పెట్టి, వాటి మధ్య పిల్లలు తమ మాటల్లో నాలుగేసి వాక్యాలు కలపాలి. ఏ సంవత్సరమో, ఎందుకు జరిగిందో, ఎవరెవరో. పిల్లల మాట తక్కువ, పెద్దల మాట ఎక్కువ ఉండాలి. వెనక సినిమా సంగీతం పెట్టాలన్న ఉబలాటం పుడుతుంది. వద్దు. నాయనమ్మ నిట్టూర్పును మించిన నేపథ్య సంగీతం లేదు.

అమెరికాలో 2003లో మొదలైన స్టోరీకార్ప్స్ అనే సంస్థ ఇలాగే మామూలు మనుషులను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించి, ఆ రికార్డులను అక్కడి జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రపరుస్తోంది. దేశవిభజనను కళ్లారా చూసినవాళ్ల మాటలను 1947 పార్టిషన్ ఆర్కైవ్ వేల సంఖ్యలో సేకరించింది. ఇక్కడ అంత పెద్ద ఏర్పాట్లు లేకపోయినా బడిలో ఓ కంప్యూటర్ ఉంటుంది. ఏటా పాతిక మంది పిల్లలు తలో రికార్డు అందులో పెడితే, పదేళ్లకు రెండువందల యాభై గొంతులు. ఏ ప్రభుత్వ గ్రంథాలయంలోనూ లేని సూర్యాపేట చరిత్ర ఆ బడి అల్మరాలో ఉంటుంది. ఫోనులో ఒక్కచోటే ఉంచితే మాత్రం ఫోన్ పోయిన రోజున అదీ పోతుంది. కనీసం మూడుచోట్ల దాచాలి.

మార్కులు వేశాక

ఇంతా చేసి ఆ తొమ్మిదో తరగతి అమ్మాయికి మిగిలేదేమిటి? ప్రాజెక్టుకు మార్కులు వస్తాయి, పోతాయి. అయితే మూడు వారాల్లో ఆమెకు తెలిసివచ్చినవి కొన్ని ఉంటాయి. చరిత్ర అంటే గెలిచినవాళ్లు రాసుకున్నది మాత్రమే కాదని, గిన్నెలు తోముకుంటూ బతికినవాళ్లకూ ఒకటి ఉంటుందని. జ్ఞాపకం తప్పు చెప్పొచ్చని, కాగితమూ తప్పు చెప్పొచ్చని, రెంటినీ ఎదురెదురుగా పెట్టి చూడాలని. అడగడం కంటే వినడమే కష్టమని. అన్నిటికంటే ముఖ్యంగా... రోజూ 'మందులేసుకున్నావా' అని మాత్రమే పలకరించే ఈ మనిషికి ఓ పద్నాలుగేళ్ల వయసు ఉండేదని, అప్పుడామె భయపడిందని, పరుగెత్తిందని, నవ్విందని.

గడువు మాత్రం మాస్టారు ఇచ్చిన మూడు వారాలే అనుకుంటే పొరపాటు. 1948లో పదేళ్లున్న పిల్లకు ఇప్పుడు తొంభై దగ్గరపడుతోంది. సాగర్ నీళ్లు వచ్చినప్పుడు ఇరవై ఏళ్ల కోడలు ఎనభైకి చేరువైంది. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ప్రతి వీధిలోనూ అలాంటివాళ్లు ఇంకా ఒకరో ఇద్దరో ఉన్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్లను చూస్తుంటారు. వాళ్లకు చెప్పాలనే ఉంటుంది. ఈ ఆదివారం పిల్లలకు సెలవే, ఫోనులో చార్జింగూ ఉంటుంది. పక్కన కూర్చుని 'నువ్వు చిన్నప్పుడు ఏం తినేదానివి నాయనమ్మా' అని అడిగితే చాలు. మిగతాది ఆమె చూసుకుంటుంది.